పాఠం 9: మెట్ల వాద్యాలు, గమకం, జాజ్ గిటారు – మాండొలిన్ శ్రీనివాస్ వృత్తి జీవితం: ఒక చారిత్రక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:

• పాశ్చాత్య వాద్యాలు దక్షిణ భారత సంగీతంలోకి ఏ క్రమంలో ప్రవేశించాయో వివరించగలుగుతారు.
• మెట్లున్న వాద్యం మీద గమకం పలికించడంలోని సమస్యను, దానికి కళాకారులు కనుక్కున్న పరిష్కారాలను తెలుసుకుంటారు.
• ఉప్పలపు శ్రీనివాస్, జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌ల వృత్తి జీవితాలను పోల్చి చూడగలుగుతారు.
• ఒక కళాకారుడి జీవితాన్ని చరిత్రగా రాసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

1983లో పశ్చిమ బెర్లిన్ నగరంలో జరిగిన జాజ్ ఉత్సవంలో 14 ఏళ్ళ తెలుగు బాలుడు కర్ణాటక సంగీత కచేరీ చేశాడు. అతని చేతిలో ఉన్నది వీణ కాదు, వయొలిన్ కాదు. విద్యుత్తుతో మోగే మాండొలిన్. 1964లో మొదలైన ఆ ఉత్సవం ప్రపంచంలోని పేరున్న జాజ్ వేదికలలో ఒకటి. శ్రోతలు కోరడంతో కచేరీ అనుకున్న సమయాన్ని మించి సాగింది. ఆ బాలుడు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లుకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్. ఆ తరవాతి మూడు దశాబ్దాలలో ప్రపంచం ఆయనను 'మాండొలిన్ శ్రీనివాస్' అని పిలిచింది.

ఈ సంఘటనను సాధారణంగా ఒక్క మాటతో వివరిస్తారు: బాలమేధావి. పూర్వజన్మ సుకృతం అని కొందరు, దైవదత్తమైన ప్రతిభ అని మరికొందరు అంటారు. శ్రీనివాస్ ప్రతిభను ఎవరూ కాదనలేరు. కాని చరిత్ర విద్యార్థికి ఈ సమాధానం చాలదు. ఇటలీలో రూపుదిద్దుకున్న మాండొలిన్ గోదావరి జిల్లాలోని ఒక ఇంటికి ఎలా చేరింది? కర్ణాటక సంగీతానికి పనికిరాదని భావించిన వాద్యం ఎలా పనికివచ్చింది? ఆ సంగీతాన్ని ఒక జాజ్ ఉత్సవం ఎందుకు పిలిచింది? 'అద్భుతం' అన్న మాట ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. పైగా ఆ మాట తండ్రిని, గురువును, వాద్యంలో చేసిన మార్పులను మరుగున పడేస్తుంది.

ప్రతిభ ఫలించడానికి వాద్య నిర్మాణం, గురుశిక్షణ, వేదికలు అనే మూడు చారిత్రక పరిస్థితులు కలిసి రావాలన్నది ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రధాన వాదన. ఇందుకోసం శ్రీనివాస్ జీవితాన్ని, తరవాతి కాలంలో ఆయనతో కలిసి వాయించిన జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ జీవితంతో పక్కపక్కన పెట్టి చూద్దాం.

9.2 పాశ్చాత్య వాద్యాలు మన సంగీతంలోకి వచ్చిన తీరు

పరదేశపు వాద్యం మన సంగీతంలో కలిసిపోవడం శ్రీనివాస్‌తో మొదలు కాలేదు. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ (1786–1858) పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో యూరోపియన్ సంగీతకారుడి దగ్గర వయొలిన్ నేర్చుకుని, దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలిచారు. ఒక శతాబ్దం తిరిగేసరికి వయొలిన్ లేని గాత్ర కచేరీ అరుదైపోయింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలతో పెనవేసుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) కాలానికి వయొలిన్‌ను ఎవరూ విదేశీ వాద్యంగా భావించలేదు.

క్లారినెట్, ట్రంపెట్ వంటి ఊదే వాద్యాలు సైనిక పటాలాల బ్యాండ్ల ద్వారా, సంస్థానాల వాద్య బృందాల ద్వారా వ్యాపించాయి. తరవాత అవి పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళాలలోకి దిగివచ్చాయి. జహీరాబాద్ వంటి పట్టణంలో పెళ్ళి బ్యాండును చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాద్ – ముంబై రహదారి మీద, బీదర్‌కు చేరువగా ఉన్న ఆ పట్టణంలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాటలు కలిసి వినిపిస్తాయి. అలాంటి చోట్ల బ్యాండు మేళం వాయించే సినిమా పాటకు, వాయించే వాద్యానికి పుట్టిల్లు ఒకటే కానక్కరలేదు. ఊరి జనం ఆ తేడాను పట్టించుకోరు.

అయితే అన్ని వాద్యాలకూ ఒకే ఆదరణ దొరకలేదు. ఆంధ్ర పౌరాణిక నాటక రంగంలో హార్మోనియం లేనిదే పద్యం లేదు. అయినా ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి దూరంగా ఉంచింది. దాని స్వరస్థానాలు ముందే బిగించినవి కావడం, స్వరాల మధ్య జారడానికి దానిలో వీలు లేకపోవడం ప్రధానమైన ఆక్షేపణలు. అంటే స్వరం స్థిరమా, చలనశీలమా అన్నది విద్వాంసుల చర్చగానే మిగలలేదు. ప్రభుత్వ సంస్థ నిర్ణయం దాకా వెళ్ళింది. శ్రీనివాస్ ఎదుర్కొన్న సమస్య కూడా ఇదే కోవకు చెందింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) వయొలిన్ కర్ణాటక సంగీతంలోకి ఎప్పుడు, ఎవరి కృషితో వచ్చింది?
ఆ) హార్మోనియంపై వచ్చిన ప్రధాన ఆక్షేపణ ఏమిటి?

9.3 మెట్లు – గమకం: సమస్య స్వరూపం

కర్ణాటక సంగీతంలో స్వరం నిలబడి ఉండే చుక్క కాదు. అది ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. ఈ కదలికలనే గమకాలు అంటారు. తోడి రాగంలోని గాంధారాన్ని కదలిక లేకుండా పలికితే స్వరస్థానం సరిగ్గానే ఉండవచ్చు. రాగం మాత్రం కనిపించదు.

వయొలిన్‌కు మెట్లు లేవు. తీగ మీద వేలు ఎక్కడికైనా జారవచ్చు. మన సంగీతం రెండు వందల ఏళ్ళ క్రితమే దానిని సులువుగా తనలో కలుపుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. వీణకు 24 మెట్లున్నాయి. కాని వాటిని మైనం మీద ఎత్తుగా అమరుస్తారు. వాదకుడు ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలను పలికించగలడు. అంటే వీణ నిర్మాణంలోనే గమకానికి చోటు ఉంది.

మాండొలిన్ సంగతి వేరు. దానికి ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. ఒక్కో జంటలోని రెండు తీగలనూ ఒకే శ్రుతిలో బిగిస్తారు. మోగే తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు మాత్రమే. మామూలు గిటారుకు ఇది సుమారు 65 సెంటీమీటర్లు. పొట్టి తీగను గట్టిగా బిగించినప్పుడు మీటిన వెంటనే నాదం ఆరిపోతుంది. నాదాన్ని నిలపడానికి పాశ్చాత్య వాదకులు చిన్న పలకతో తీగను అతివేగంగా, పదేపదే మీటుతారు. ఆ పద్ధతిలో నాదం నిలుస్తుంది గాని ముక్కలవుతుంది. గమకానికి కావలసింది తెగని ధార. పైగా జంట తీగలను లాగినప్పుడు రెండూ సరిగ్గా ఒకే ఎత్తుకు చేరకపోతే అపశ్రుతి వస్తుంది.

ఈ కారణాల వల్ల మాండొలిన్ మన దేశంలో చాలాకాలం సినిమా సంగీతానికి, లలిత సంగీతానికి చెందిన వాద్యంగానే ఉండిపోయింది. హిందీ సినిమా సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్ వంటివారు దానిపై అసాధారణ నైపుణ్యం చూపారు. అయినా దక్షిణాది కచేరీ వేదిక మీద ప్రధాన వాద్యంగా దానికి స్థానం లేదు. ఆ స్థానం ఇవ్వడానికి విద్వాంసులు సందేహించడంలో కేవలం ఛాందసం మాత్రమే లేదు. వాద్య నిర్మాణానికి సంబంధించిన నిజమైన అభ్యంతరం కూడా ఉంది. ఈ తేడాను గమనించడం ముఖ్యం.

9.4 పాలకొల్లు నుంచి మద్రాసు: శిక్షణ, వాద్యం

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాదకులు. ఇంట్లో మాండొలిన్ కూడా ఉండేది. సుమారు ఆరేళ్ళ వయసులో శ్రీనివాస్ తండ్రి మాండొలిన్‌ను చేతిలోకి తీసుకున్నారు. కొడుకు చేతి వాటం గమనించిన తండ్రి మొదటి పాఠాలు చెప్పారు. ఆ తరవాత తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుకు అప్పగించారు.

సుబ్బరాజు ప్రసిద్ధ గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం తెలియదు. అందుకని పాఠాన్ని పాడి వినిపించేవారు. శిష్యుడు విన్నదానిని తీగల మీద పలికించేవాడు. మామూలుగా చూస్తే ఇది లోపం. కాని ఫలితం వేరుగా వచ్చింది. మాండొలిన్ గురువు దొరికి ఉంటే ఆ వాద్యానికి అలవాటైన వేళ్ళ కదలికలే పిల్లవాడికి అబ్బేవి. గాయకుడు గురువు కావడం వల్ల గొంతు కదలికే కొలమానం అయింది. గొంతులో పలికేది తీగ మీద పలకకపోతే మారవలసింది రాగం కాదు, వాదన పద్ధతి అన్న దృష్టి మొదటి నుంచీ ఏర్పడింది.

ఆ దృష్టే వాద్యంలో మార్పులకు దారి తీసింది. శ్రీనివాస్ మామూలు మాండొలిన్ నుంచి విద్యుత్ మాండొలిన్‌కు మారారు. జంట తీగలను వదిలి విడి తీగలు వాడారు. చివరికి అయిదు తీగల వాద్యం ఆయనకు గుర్తుగా నిలిచింది. ఈ మార్పుల ప్రయోజనాలను ఇలా చెప్పుకోవచ్చు:

• విడి తీగ కావడం వల్ల దానిని నిరాటంకంగా లాగవచ్చు, జార్చవచ్చు.
• అదనపు తీగ వల్ల మంద్ర స్థాయి స్వరాలు అందుబాటులోకి వచ్చి, గాత్రానికి సమానమైన విస్తృతి కలిగింది.
• ఉక్కు తీగ కంపనాన్ని పికప్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. యాంప్లిఫయర్ దానిని పెంచుతుంది. అందువల్ల ఒక్క మీటుతో పుట్టిన నాదం ఎక్కువసేపు వినిపిస్తుంది. ఆ వ్యవధిలో ఎడమ చేయి గమకం పూర్తి చేయగలుగుతుంది.

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో శ్రీనివాస్ తొలి కచేరీ చేశారు. అప్పటికి ఆయన వయసు తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద వాయించారు. డిసెంబరు సంగీతోత్సవాల నగరంగా పేరుపొందిన మద్రాసులో గుర్తింపు పొందడం అంటే దక్షిణాది సంగీత లోకం మొత్తం దృష్టిలో పడటమే. సందేహించిన వారికి జవాబు చర్చల్లో కాక కచేరీల్లోనే దొరికింది. 15 ఏళ్ళ వయసులో తమిళనాడు ప్రభుత్వ ఆస్థాన విద్వాంసుడి గౌరవం దక్కింది. 1980లలో ఆడియో క్యాసెట్ చవకై ఊరూరికీ చేరడంతో, సభలకు వెళ్ళలేని శ్రోతలు కూడా మాండొలిన్ మీద త్యాగరాజ కృతులు విన్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) గురువుకు మాండొలిన్ తెలియకపోవడం శ్రీనివాస్ శిక్షణకు ఎలా ఉపకరించింది?
ఆ) విద్యుత్ మాండొలిన్ వల్ల గమకం ఎందుకు సులభమైంది?

9.5 జాజ్ గిటారు: మరో వైపు నుంచి అదే ప్రయాణం

జాజ్ సంగీతం ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో రూపుదిద్దుకుంది. అక్కడికక్కడే స్వరకల్పన చేయడం దాని ప్రాణం. మన మనోధర్మ సంగీతంతో దానికి పోలిక చెప్పేది ఇందుకే. కాని రెండూ ఒకటి కావు. కర్ణాటక విద్వాంసుడు ఒక రాగం హద్దుల్లో, మారని ఆధార శ్రుతి మీద కల్పన చేస్తాడు. జాజ్ విద్వాంసుడు సాధారణంగా వరుసగా మారుతూ పోయే కార్డుల మీద, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుల మీద కల్పన చేస్తాడు.

తొలినాటి జాజ్ బృందాలలో గిటారుది వెనుక వరుస. ట్రంపెట్, శాక్సొఫోన్‌ల మోత మధ్య దాని నాదం వినిపించేది కాదు. తాళానికి అనుగుణంగా కార్డులు కొట్టడమే దాని పని. విద్యుత్ గిటారు వచ్చాక ఈ పరిస్థితి మారింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ (1916–1942) విద్యుత్ గిటారుతో ఊదే వాద్యాలకు దీటుగా ఏకవాదన చేసి చూపారు. క్షయ వ్యాధితో 25 ఏళ్ళకే మరణించినా, తరవాతి జాజ్ గిటారు వాదనకు దారి వేసినవారు ఆయనే. గిటారును ముందు వరుసకు తెచ్చిన పికప్, యాంప్లిఫయర్‌లే నాలుగు దశాబ్దాల తరవాత మాండొలిన్‌కు గమకాన్ని ఇచ్చాయి. సాంకేతికత ఒకటే, దానిని వాడుకున్న సంగీత అవసరాలు వేరు.

జాన్ మెక్‌లాఫ్లిన్ 1942 జనవరి 4న ఇంగ్లండ్‌లోని డాన్‌కాస్టర్‌లో పుట్టారు. 1969లో తొలి ఆల్బమ్ 'ఎక్స్‌ట్రాపొలేషన్' వెలువరించారు. అదే సంవత్సరం న్యూయార్క్ వెళ్ళి డ్రమ్స్ వాదకుడు టోనీ విలియమ్స్ బృందంలో చేరారు. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు చేసిన 'ఇన్ ఎ సైలెంట్ వే', 'బిచెస్ బ్రూ' ఆల్బమ్‌లలో వాయించారు. జాజ్, రాక్ సంగీతాలు కలిసిన కొత్త ధోరణికి ఈ రికార్డులు ముఖ్యమైనవి. 1971లో మెక్‌లాఫ్లిన్ సొంతంగా 'మహావిష్ణు ఆర్కెస్ట్రా'ను నెలకొల్పారు. అది చెవులు దిబ్బళ్ళు పడేంత బిగ్గరైన, అతివేగమైన విద్యుత్ సంగీతం.

ఇంతలోనే ఆయన దృష్టి దక్షిణ భారత సంగీతం వైపు మళ్ళింది. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ పాఠాలు నేర్చుకున్నారు. వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు టి.హెచ్. వినాయక్‌రామ్‌లతో కలిసి 'శక్తి' బృందాన్ని ఏర్పరిచారు. 1975లో రికార్డయిన వారి తొలి ఆల్బమ్ 1976లో విడుదలైంది. ఆ తరవాత 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ', 'నేచురల్ ఎలిమెంట్స్' వచ్చాయి.

శక్తి కోసం మెక్‌లాఫ్లిన్ విద్యుత్ గిటారును పక్కన పెట్టి, ప్రత్యేకంగా చేయించిన మామూలు గిటారును వాడారు. దానిలో రెండు మార్పులు గమనించదగినవి. మొదటిది, మెట్ల మధ్య చెక్కను పల్లంగా తొలిచారు. అందువల్ల వేలు చెక్కను ఒరుసుకోకుండా తీగను వీణ మీదలా లాగగలిగింది. రెండోది, ముఖ్య తీగలకు అడ్డంగా మరికొన్ని తీగలు అమర్చారు. ఇవి మన తంబురాలా, వీణ పక్క తీగలలా శ్రుతిని నింపుతాయి.

ఇప్పుడు రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు గమకం తెలిసిన సంగీతంలో పెరిగి, గమకానికి లొంగని వాద్యాన్ని లొంగదీశారు. అందుకు విద్యుత్తును ఆశ్రయించారు. మరొకరు గమకం ముఖ్యం కాని సంగీతంలో పెరిగి, గమకం కోసం వాద్యాన్ని తొలిపించారు. అందుకు కొన్నాళ్ళు విద్యుత్తును వదులుకున్నారు. ఒకే సమస్య రెండు వైపుల నుంచి పరిష్కారమైంది. వీరి తరవాతి కలయికను యాదృచ్ఛికంగా కాక, కలిసి వచ్చిన రెండు దారులుగా అర్థం చేసుకోవాలి.

9.6 వేదికలు: బెర్లిన్ నుంచి 'రిమెంబర్ శక్తి' దాకా

ప్రతిభ ఉన్నా దానిని వినే వేదిక ఉండాలి. బెర్లిన్ జాజ్ ఉత్సవం కర్ణాటక సంగీతాన్ని పిలవడానికి ముందు రెండు దశాబ్దాల నేపథ్యం ఉంది. 1960లలో రవిశంకర్ కచేరీలు, రికార్డులు పాశ్చాత్య శ్రోతల చెవులను సిద్ధం చేశాయి. 1970లలో శక్తి వంటి బృందాలు భారతీయ లయను జాజ్ శ్రోతలకు పరిచయం చేశాయి. మన దేశంలో 1978లో బొంబాయిలో 'జాజ్ యాత్ర' ఉత్సవం మొదలైంది. ఆ వేదిక మీద 1980లో శాక్సొఫోన్ విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ వాయించారు. అంటే 1983 నాటికి జాజ్ వేదిక అన్న మాట అర్థం విస్తరించింది. శ్రీనివాస్ అక్కడ జాజ్ వాయించలేదు. కర్ణాటక సంగీతమే వాయించారు. మారింది వేదిక నిర్వచనం.

1987లో లండన్‌లో కొన్ని రికార్డు కంపెనీలు 'వరల్డ్ మ్యూజిక్' అన్న పేరును అమ్మకాల సౌకర్యం కోసం వాడుకలోకి తెచ్చాయి. ఆ విపణిలో శ్రీనివాస్ రికార్డులకూ చోటు దొరికింది. గిటారు వాదకుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన చేసిన 'డ్రీమ్' 1995లో రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వచ్చింది. 2003లో బ్రిటిష్ స్వరకర్త మైకేల్ నైమన్ 'సంగం' ఆల్బమ్‌లో వాయించారు. మధ్యలో 1998లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

1997లో మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లు 'రిమెంబర్ శక్తి' పేరుతో బృందాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. తొలి ఆల్బమ్‌లో వేణువు విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా వాయించారు. ఆ తరవాత శ్రీనివాస్, వినాయక్‌రామ్ కుమారుడు వి. సెల్వగణేశ్ బృందంలో చేరారు. గాయకుడు శంకర్ మహదేవన్ కూడా కలిశారు. 'ది బిలీవర్', 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' ఆల్బమ్‌లు ఈ దశకు చెందినవి. ఒకప్పటి శక్తిలో గిటారుకు జోడు వయొలిన్, ఇప్పుడు మాండొలిన్. రెండూ మెట్లున్న తీగ వాద్యాలే కావడం, మెక్‌లాఫ్లిన్ ఈసారి విద్యుత్ గిటారుకు తిరిగి రావడం వల్ల ఒకరి పలుకుకు మరొకరు బదులిచ్చే సంవాదం ఎంతో దగ్గరగా కుదిరింది.

ఇక్కడ మరో కోణం చూడాలి. జాజ్ చరిత్ర గ్రంథాలలో రిమెంబర్ శక్తి అనేది మెక్‌లాఫ్లిన్ జీవితంలో ఒక అధ్యాయం. శ్రీనివాస్ ఆ అధ్యాయంలో ఒక పేరు. తెలుగు పత్రికల వ్యాసాలలో మెక్‌లాఫ్లిన్ శ్రీనివాస్ విజయాలలో ఒక పేరు. రెండు కథనాలూ నిజమే, రెండూ అసంపూర్ణమే. ఎవరిని కేంద్రంగా పెట్టుకుంటే మిగిలినవారు పక్కకు జరుగుతారు. పాలకొల్లు నుంచి మొదలుపెట్టి రాసిన చరిత్రలో సుబ్బరాజు ఉంటారు. న్యూయార్క్ నుంచి మొదలుపెట్టి రాసిన చరిత్రలో ఆయనకు చోటుండదు. అందుకే ప్రాంతీయ భాషలలో చరిత్ర రాయడం అవసరం. అది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. లేకపోతే మరుగున పడే మనుషులను నమోదు చేయడానికి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
అ) శక్తి బృందం కోసం మెక్‌లాఫ్లిన్ గిటారులో చేయించిన మార్పులేవి?
ఆ) 'జాజ్ వేదిక' అర్థం 1983 నాటికి విస్తరించిందని ఎలా చెప్పగలం?

9.7 తరవాతి కాలం, వారసత్వం

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించారు. కాలేయ మార్పిడి చికిత్స తరవాత ఆరోగ్యం కుదుటపడలేదు. ఆయన వయసు 45 ఏళ్ళు. కచేరీ విద్వాంసుడి జీవితంలో నలభైలు, యాభైలు పరిణతికి వచ్చే కాలం. తొమ్మిదేళ్ళకే వేదిక ఎక్కడం వల్ల ఆయన వృత్తి జీవితం మూడున్నర దశాబ్దాలు సాగిన మాట నిజమే. కాని శిష్యులను తయారు చేయడానికి, అనుభవాన్ని గ్రంథస్థం చేయడానికి విద్వాంసులకు దొరికే చివరి దశాబ్దాలు ఆయనకు దొరకలేదు.

ఇక్కడే 'అద్భుతం' అన్న వివరణ చేసే నష్టం తెలుస్తుంది. శ్రీనివాస్ వాదన దైవదత్తం మాత్రమే అయితే అది ఆయనతోనే ముగిసిపోవాలి. ఇతరులు నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. అది ఒక పద్ధతి అయితే నేర్పవచ్చు, నేర్చుకోవచ్చు. వాస్తవంలో జరిగింది రెండోదే. తమ్ముడు యు. రాజేశ్ అదే వాద్యం మీద కచేరీలు చేస్తున్నారు. మెక్‌లాఫ్లిన్ 2008లో విడుదల చేసిన 'ఫ్లోటింగ్ పాయింట్'లో వాయించారు. శ్రీనివాస్ దగ్గర నేర్చుకున్న శిష్యులు ఉన్నారు. గిటారు మీద కర్ణాటక సంగీతం వాయించే ఆర్. ప్రసన్న వంటివారు కూడా ఈ కోవలోనే మెట్ల వాద్యానికి గమకాన్ని నేర్పుతున్నారు. శక్తి బృందం 2023లో తెచ్చిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కు 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం లభించింది. ఆ బృందంలో అప్పటికి మాండొలిన్ లేదు.

9.8 చరిత్ర రచనకు పాఠాలు

కళాకారుడి వృత్తి జీవితాన్ని రాసేటప్పుడు కింది అంశాలను గుర్తుంచుకోవాలి.

మొదటిది: వాద్యం కూడా ఒక చారిత్రక ఆధారమే. దాని తీగల సంఖ్య, పొడవు, మెట్ల అమరిక, అది మోగే విధానం వాదకుడి నిర్ణయాలను మనకు తెలియజేస్తాయి. శ్రీనివాస్ అయిదు తీగల వాద్యమూ, మెక్‌లాఫ్లిన్ తొలిపించిన గిటారూ రాతప్రతులంత విలువైన ఆధారాలు.

రెండోది: రికార్డింగులను తేదీ వరుసలో వినాలి. ఒకే కృతిని వేర్వేరు సంవత్సరాలలో వాయించిన రికార్డులను పోల్చితే మారిన శైలి బయటపడుతుంది. కచేరీ కరపత్రాలు, పత్రికా సమీక్షలు, సభల జ్ఞాపక సంచికలు ఈ పనికి తోడ్పడతాయి.

మూడోది: సంస్మరణ వ్యాసాలను జాగ్రత్తగా వాడాలి. మరణించిన వారిని గౌరవించడం వాటి ప్రధాన ఉద్దేశం. కష్టాలు, వైఫల్యాలు, సహాయం చేసినవారి పేర్లు వాటిలో తగ్గుతాయి.

నాలుగోది: తల్లిదండ్రులు, తొలి గురువులు, వాద్యం బాగుచేసేవారు, సహకార వాద్యకారులు మొదలైనవారి పేర్లను వెతికి రాయాలి.

9.9 సారాంశం

వయొలిన్, క్లారినెట్ వంటి పాశ్చాత్య వాద్యాలు వేర్వేరు దారుల్లో మన సంగీతంలోకి వచ్చాయి. స్వరాన్ని కదిలించడానికి అనువైన వాద్యాలు త్వరగా కలిసిపోయాయి. స్థిరస్వరాల వాద్యాలు ఆక్షేపణలను ఎదుర్కొన్నాయి. పాలకొల్లుకు చెందిన శ్రీనివాస్ గాత్ర పద్ధతిలో శిక్షణ పొంది, విడి తీగలతో, విద్యుత్తు సహాయంతో మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి అనువుగా మార్చారు. ఇంగ్లండ్‌కు చెందిన జాజ్ గిటారు విద్వాంసుడు మెక్‌లాఫ్లిన్ వీణ పాఠాలు నేర్చుకుని, గమకం కోసం తన గిటారును మార్పించుకున్నారు. మారిన వేదికలు ఈ ఇద్దరినీ కలిపాయి. ప్రతిభతో పాటు వాద్యం, గురువు, వేదిక – ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకున్నప్పుడే ఇలాంటి జీవితం చరిత్రగా అర్థమవుతుంది.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెట్ల వాద్యాల మీద గమకం పలికించడంలోని సమస్యను, శ్రీనివాస్ చూపిన పరిష్కారాన్ని వివరించండి.
2. శ్రీనివాస్, మెక్‌లాఫ్లిన్‌ల వృత్తి జీవితాలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రుద్రరాజు సుబ్బరాజు బోధనా పద్ధతి
2. జాజ్‌లో విద్యుత్ గిటారు తెచ్చిన మార్పు
3. 'బాలమేధావి' అన్న వివరణకు ఉన్న పరిమితులు

III. ప్రాజెక్టు పని
మీ పట్టణంలో లేదా సమీప గ్రామంలో బ్యాండు మేళంలో గాని, నాటకాలలో గాని, సినిమా పాటల ఆర్కెస్ట్రాలో గాని పనిచేసిన ఒక సీనియర్ వాద్యకారుడిని కలవండి. వాద్యం ఎక్కడ కొన్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పాడైతే ఎవరు బాగుచేసేవారు, మొదటి సంపాదన ఎంత, ఏ పాటలు వాయించేవారు అన్న విషయాలు వారి మాటల్లోనే నమోదు చేయండి. వారి అనుమతి తీసుకున్నాకే పేరు రాయండి. వాద్యాన్ని కొలిచి, అందులో చేయించుకున్న మార్పులు ఏవైనా ఉంటే బొమ్మ గీసి చూపండి. జహీరాబాద్ వంటి సరిహద్దు పట్టణాల విద్యార్థులు, ఆ వాద్యకారుడు ఏయే భాషల పాటలు వాయించారో ప్రత్యేకంగా గమనించాలి. అయిదు పుటలకు మించకుండా నివేదిక రాసి మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి.